ఓటమి గడిలో సున్నా ఉంటే గొప్ప బాక్సరేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

బాక్సింగ్ మాట వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: “మేవెదర్ ఒక్కసారీ ఓడలేదు కదా, అయితే అలీ కంటే గొప్పవాడేనా?” దానికి జవాబు చెప్పి ముగించేలోపు మరొకరు పాత తరం హెవీవెయిట్ చాంపియన్ మార్సియానో పేరు ఎత్తుతారు. అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. ఓడకుండా కెరీర్ ముగించడం అరుదైన ఘనత. అయితే ఆ బాక్సర్ ఎవరితో తలపడ్డాడో, ఏ వయసులో ఉన్నవాళ్ళతో తలపడ్డాడో, ఎవరి ఊళ్ళో తలపడ్డాడో ఆ సున్నా చెప్పదు. నేను వెతికేది వాటినే.

## మొదటి మెట్టు: రికార్డు చదవడం

49-0 అని ఒకచోట, 51-0-1 అని మరోచోట రాస్తారు. ఆ అంకెలకు అర్థం ఏమిటి?

మొదటి అంకె గెలుపులు, రెండోది ఓటములు, మూడోది ఉంటే డ్రాలు. రాకీ మార్సియానో 49 పోటీలు ఆడి 49 గెలిచాడు, అందులో 43 నాకౌట్లు. మెక్సికో బాక్సర్ రికార్డో లోపెజ్ 51 గెలిచాడు, ఒకటి డ్రా అయింది, ఓటమి లేదు. ఇవి ప్రొఫెషనల్ పోటీల లెక్కలు మాత్రమే. ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్ లాంటి అమెచ్యూర్ పోటీల్లో గెలిచినా ఓడినా ఇందులోకి రావు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ సెమీఫైనల్లో ఫ్లాయిడ్ మేవెదర్ బల్గేరియాకు చెందిన సెరాఫిమ్ తొదొరోవ్ చేతిలో ఓడి కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. ఆ తీర్పు మీద అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. అయినా అతని ప్రొఫెషనల్ రికార్డులో సున్నా సున్నాగానే ఉంది.

ఒక్కసారి కూడా ఓడనివాడిని మించిన గొప్పవాడు ఎలా ఉంటాడు? ఇందులో చర్చ ఎందుకు?

క్రికెట్ జట్టు తన ప్రత్యర్థులను తాను ఎంచుకోలేదు. టోర్నీ షెడ్యూలు ఎవరి ముందు నిలబెడితే వారితో ఆడాలి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అలాంటి షెడ్యూలు లేదు. ఇద్దరు ప్రమోటర్లు (పోటీలు ఏర్పాటు చేసేవాళ్ళు) కూర్చుని డబ్బు, తేదీ, వేదిక, బరువు, కొన్నిసార్లు గ్లవ్స్ రకం దాకా మాట్లాడుకున్నాకే పోటీ ఖాయమవుతుంది. కుదరకపోతే పోటీయే ఉండదు, ఎవరికీ ఓటమి నమోదు కాదు. అంటే ప్రమాదకరమైన ప్రత్యర్థిని ఏళ్ళ తరబడి తప్పించుకునే వీలు ఈ ఆటలోనే ఉంది. ఓడకుండా ఉండటంలో నైపుణ్యం ఎంత, బేరం ఎంత అన్నది విడదీసి చూడకుండా గొప్పతనం తేల్చడం నాకు సమ్మతం కాదు.

ఓటమి లేకుండా రిటైరైన చాంపియన్లు చాలామంది ఉన్నారా?

తక్కువే. ఎక్కువగా వినబడే పేర్లు మార్సియానో, మేవెదర్, లోపెజ్, వేల్స్‌కు చెందిన జో కాల్జాగే (46-0), అమెరికాకు చెందిన ఆండ్రే వార్డ్ (32-0), జర్మనీకి చెందిన స్వెన్ ఒట్కే (34-0). ఈ జాబితాలో షుగర్ రే రాబిన్సన్ లేడు, అలీ లేడు, జో లూయిస్ లేడు, హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ లేడు, విల్లీ పెప్ లేడు, రొబెర్తో దురాన్ లేడు. బాక్సింగ్ చరిత్ర బాగా తెలిసినవాళ్ళు మొదట చెప్పే పేర్లలో చాలావరకు ఈ రెండో వరుసవే. ఈ ఒక్క విషయం గమనిస్తే చాలు, సున్నాకు ఎంత విలువ ఇవ్వాలో ఆలోచన మొదలవుతుంది.

## రెండో మెట్టు: సున్నా ఎలా తయారవుతుంది

కుర్రాడు 20-0 అంటున్నారు. నిజంగా అంత మంచివాడేనా?

ఆ ఇరవై మంది ఎవరో చూడండి. కొత్త బాక్సర్‌ను మెల్లగా పైకి తీసుకురావడం ఈ వృత్తిలో పాత పద్ధతి. మొదట్లో అతని ముందు నిలబెట్టేది గెలవడానికి వచ్చినవాళ్ళను కాదు. ఆత్మరక్షణ బాగా తెలిసి, నాలుగో ఆరో రౌండ్లు నిలబడి, కుర్రాడికి అనుభవం నేర్పి, పాయింట్ల మీద ఓడి, వచ్చిన డబ్బుతో ఇంటికి వెళ్ళే అనుభవజ్ఞులు వాళ్ళు. బర్మింగ్‌హామ్‌కు చెందిన పీటర్ బక్లీ 300 పోటీలు చేసి 2008లో రిటైరయ్యాడు. గెలిచింది 32, ఓడింది 256, డ్రా 12. తరువాత ప్రపంచ చాంపియన్ అయిన నసీమ్ హమెద్ కూడా ఎదుగుతున్న రోజుల్లో అతనితో తలపడ్డాడు. బక్లీ లాంటివాళ్ళను చిన్నచూపు చూడటం తగదు. వాళ్ళు లేకపోతే ఈ ఆటలో బడి లేదు. అయితే ఎవరి రికార్డులోనైనా మొదటి ఇరవై గెలుపులు ఆ బడిలో వచ్చిన మార్కులని గుర్తుంచుకోవాలి. అసలు పరీక్ష వాటి తరువాతే.

జడ్జీల తీర్పు తారుమారైతే ఆ సున్నా ఉండేదా?

చాలామంది విషయంలో ఉండేది కాదు. 1950 మార్చిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మార్సియానో తనలాగే ఓటమి ఎరుగని రోలాండ్ లా స్టార్జాతో తలపడ్డాడు. రౌండ్ల లెక్కన ఒక జడ్జి అటు, ఒక జడ్జి ఇటు మొగ్గగా రిఫరీ స్కోరు కార్డులో రౌండ్లు సమానమయ్యాయి. చివరికి రిఫరీ వేసిన అదనపు పాయింట్లు మార్సియానోను గెలిపించాయి. చేతివేళ్ళ మీద లెక్కపెట్టే ఆ పాయింట్లు అటు పడి ఉంటే 49-0 అన్న మాటే పుట్టేది కాదు.

2002 ఏప్రిల్‌లో మేవెదర్, హోసే లూయిస్ కాస్టిల్లోల మధ్య జరిగిన మొదటి పోటీ కూడా అలాంటిదే. ముగ్గురు జడ్జీలూ మేవెదర్‌కే ఇచ్చారు. చూసినవాళ్ళలో చాలామంది కాస్టిల్లో గెలిచాడనుకున్నారు, నేనూ వారిలో ఒకణ్ణి. మేవెదర్ అదే ఏడాది డిసెంబరులో మళ్ళీ తలపడి గెలిచాడు. ఆ పని చేసినందుకు అతనికి మంచి మార్కులే వేస్తాను.

అన్నిటికంటే బాధ కలిగించేది 1993 సెప్టెంబరు 10. టెక్సస్‌లోని శాన్ అంటోనియోలో హూలియో సెసార్ చావెజ్ 87-0తో రింగులోకి వచ్చాడు. పెర్నెల్ విటేకర్ పన్నెండు రౌండ్లు అతన్ని గాలిలో గుద్దులు విసిరేలా చేశాడు. ఇద్దరు జడ్జీలు 115-115 అని రాశారు, మూడో జడ్జి మాత్రమే విటేకర్‌కు ఇచ్చాడు. డ్రా అన్నారు. కాగితం మీద చావెజ్ ఓడలేదు. ఆ రాత్రి గొప్ప బాక్సర్ ఎవరో ఆ పోటీ చూసిన ఎవరినైనా అడగండి.

మార్సియానో జో లూయిస్ అంతటివాణ్ణి నాకౌట్ చేశాడు. అది చాలదా?

1951 అక్టోబరులో లూయిస్ వయసు 37. పన్ను బాకీల ఒత్తిడితో మళ్ళీ గ్లవ్స్ తొడిగిన మనిషి. ఆ రాత్రి ఎనిమిదో రౌండులో అతను పడిపోయిన దృశ్యం ఇప్పటికీ చూడలేను. 1952లో మార్సియానో టైటిల్ గెలుచుకున్నప్పుడు జెర్సీ జో వాల్కాట్‌కు 38 ఏళ్ళు. ఎజర్డ్ చార్లెస్, ఆర్చీ మూర్ కూడా తమ మంచి రోజులు దాటాకే మార్సియానో ముందుకు వచ్చారు. ఈ మాట చెబితే కొందరు “అంటే చచ్చిన పామును చంపాడా” అని కోప్పడతారు. అంత మాట నేను అనను. వాల్కాట్ మొదటి రౌండులోనే అతన్ని పడగొట్టాడు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురి కార్డుల్లోనూ వాల్కాటే ముందున్నాడు. పదమూడో రౌండులో ఒకే ఒక్క కుడిచేతి దెబ్బతో మార్సియానో కథ మార్చేశాడు. చార్లెస్‌తో రెండో పోటీలో ముక్కు నిలువునా చీలి రక్తం కారుతుంటే, పోటీ ఆపేస్తారేమోనన్న భయం మధ్య ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. పొట్టి చేతులు, తక్కువ బరువు, అంతులేని దమ్ము. మార్సియానో గొప్పతనం నాకు ఈ రాత్రుల్లోనే కనబడుతుంది. అతను ఒకటో రెండో ఓడి ఉన్నా వాటి విలువ తగ్గేది కాదు.

బరువు ఒప్పందాల వల్ల కూడా తేడా వస్తుందా?

వస్తుంది. రెండు పౌండ్లు తగ్గించమని అడిగితే ఎదుటివాడి ఒంట్లో నీరు, కాళ్ళలో బలం తగ్గుతాయి. 2013లో మేవెదర్‌తో తలపడేందుకు 23 ఏళ్ళ కనెలో అల్వారెజ్ 154 పౌండ్ల విభాగంలో 152 పౌండ్లకు దిగి రావాల్సి వచ్చింది. ఆ ఒక్క కారణంతోనే మేవెదర్ గెలిచాడని ఎవరూ అనలేరు, ఆ రాత్రి అతని ఆట అద్భుతం. రికార్డులో మాత్రం ఈ వివరం కనబడదు.

## మూడో మెట్టు: ఓటమిని ఎలా చూడాలి

షుగర్ రే రాబిన్సన్ 19 సార్లు ఓడాడు. అయినా అందరికంటే గొప్పవాడు అంటారెందుకు?

నాకు అతి ఇష్టమైన ప్రశ్న ఇది. రాబిన్సన్ 1940లో ప్రొఫెషనల్ అయ్యాడు. వరసగా 40 గెలిచాడు. 1943 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో జేక్ లమోటా చేతిలో మొదటిసారి ఓడాడు. లమోటా అతనికంటే దాదాపు 16 పౌండ్లు బరువు ఎక్కువ. ఇప్పటి చాంపియన్ అయితే అంత బరువు తేడాకు ఒప్పుకోడు, ఒప్పుకుని ఓడితే ఏడాదిపాటు కనబడడు. రాబిన్సన్ రెండు వారాలకు మరొకరితో తలపడి గెలిచాడు. ఆ తరువాత వారానికి, అంటే ఫిబ్రవరి 26న, అదే డెట్రాయిట్‌లో అదే లమోటాతో తలపడి గెలిచాడు. మొత్తం ఆరుసార్లు తలపడి ఐదు గెలిచాడు. 1951లో షికాగోలో పదమూడో రౌండులో అతన్ని ఆపి మిడిల్‌వెయిట్ టైటిల్ తీసుకున్నాడు.

ఆ మొదటి ఓటమి తరువాత 91 పోటీల పాటు అతను ఓడలేదు. మేవెదర్, మార్సియానోల మొత్తం పోటీలు కలిపితే 99. రాబిన్సన్ రెండు ఓటముల మధ్య ఆడినవే దాదాపు అన్ని. అప్పుడు ఉన్నవి ఎనిమిది బరువు విభాగాలు, ఒక్కో విభాగానికి సాధారణంగా ఒకే చాంపియన్. ఇప్పుడు విభాగాలు 17కు తక్కువ కావు, టైటిళ్ళిచ్చే పెద్ద సంస్థలే నాలుగు.

1952 జూన్‌లో యాంకీ స్టేడియంలో లైట్ హెవీవెయిట్ చాంపియన్ జోయీ మాక్సిమ్‌తో ఆడినప్పుడు విపరీతమైన వేడికి రిఫరీయే తట్టుకోలేక పది రౌండ్ల తరువాత తప్పుకున్నాడు. పాయింట్లలో ముందున్న రాబిన్సన్ పద్నాలుగో రౌండుకు లేవలేకపోయాడు. అది ఓటమిగా నమోదైంది. తనకంటే పెద్ద విభాగపు చాంపియన్‌ను వడదెబ్బ తగిలేదాకా ఓడిస్తూ వచ్చిన ఆ రాత్రిని మచ్చగా రాయడానికి నాకు చేయి రాదు. మిగతా ఓటముల్లో ఎక్కువ భాగం వయసు మళ్ళాక, డబ్బు అవసరంతో ఆడినవి.

అలీ ఐదుసార్లు ఓడాడు. వాటిని లెక్కలోకి తీసుకోవాలా వద్దా?

తీసుకోవాలి, విడివిడిగా తీసుకోవాలి. 1971లో జో ఫ్రేజియర్ చేతిలో ఓటమి నిజమైన ఓటమి, సాకులు లేవు. 1973లో కెన్ నార్టన్ చేతిలో దవడ విరిగింది. 1978లో లియాన్ స్పింక్స్ దగ్గర సోమరితనం కనబడింది. ఈ ముగ్గురినీ అలీ తరువాత ఓడించాడు. చివరి రెండు, 1980లో లారీ హోమ్స్, 1981లో ట్రెవర్ బెర్బిక్. అప్పటికే అనారోగ్యం మొదలైన మనిషిని రింగులోకి పంపినవాళ్ళు సిగ్గుపడాల్సినవి ఆ రెండూ. 1974లో కిన్షాసాలో 40-0తో ఉన్న జార్జ్ ఫోర్‌మన్‌ను ఓడించిన అలీ రికార్డులో అప్పటికే రెండు ఓటములున్నాయి. ఆ రాత్రి సున్నా ఉన్నది ఫోర్‌మన్‌కే.

అనర్హతతో వచ్చిన ఓటమి కూడా ఓటమేనా?

రికార్డులో ఓటమే. 1997 మార్చిలో రాయ్ జోన్స్ జూనియర్ మోకాలి మీద ఉన్న మాంటెల్ గ్రిఫిన్‌ను కొట్టి అనర్హుడయ్యాడు. 34-0లోని సున్నా అలా పోయింది. ఆగస్టులో మళ్ళీ తలపడి మొదటి రౌండులోనే ముగించాడు.

12 ఓటములున్నవాడు గొప్ప బాక్సర్‌ను ఓడించడం అంటే రికార్డులకు అర్థమే లేదా?

అర్థం ఉంది, అడుగున చదవాలి. అమెచ్యూర్‌గా 396 గెలిచి ఒక్కటే ఓడిన వసీల్ లొమచెంకో తన రెండో ప్రొఫెషనల్ పోటీకే, 2014 మార్చిలో, ప్రపంచ టైటిల్ కోసం దిగాడు. ఎదుట మెక్సికో బాక్సర్ ఒర్లాండో సలీదో, అప్పటికి 12 ఓటములు. బరువు మించి రావడంతో సలీదో తూకం దగ్గరే టైటిల్ పోగొట్టుకున్నాడు. రింగులో నడుము కింద దెబ్బలు ఎన్నో కొట్టాడు, రిఫరీ చూసీచూడనట్టు వదిలేశాడు, చివరికి పాయింట్ల మీద గెలిచాడు. ఆ 12 ఓటములు సలీదోకు నేర్పిన విద్య అది. లొమచెంకో భయపడి వెనక్కి తగ్గి 10-0 అయ్యేదాకా ఆగి ఉంటే సున్నా మిగిలేదేమో. ఆ సాహసమే అతన్ని నాకు దగ్గర చేసింది.

## నాలుగో మెట్టు: పేర్లు పెట్టి పోలిస్తే

మేవెదర్ 50-0తో మార్సియానోను దాటినట్టేనా?

అంకెల్లో దాటాడు. యాభయ్యో గెలుపు 2017 ఆగస్టులో కానర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది. మెక్‌గ్రెగర్ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో చాంపియన్, ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అదే మొదటి పోటీ. నా పుస్తకంలో మేవెదర్ లెక్క 49 దగ్గర ఆగింది. అయితే మేవెదర్‌ను తక్కువ చేసేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. 2001లో అప్పటిదాకా ఓటమి ఎరుగని డియేగో కొరాలెస్‌ను ఐదుసార్లు పడగొట్టిన పోటీ చూడండి. రక్షణ అంత అందంగా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. ఐదు బరువు విభాగాల్లో టైటిళ్ళు గెలిచాడు. నా ఫిర్యాదు ఒక్కటే: మానీ పాకియావ్‌తో పోటీ గురించి 2009 నుంచి మాటలు నడిచాయి, జరిగింది 2015 మే 2న. ఆ మధ్యలో, 2012 డిసెంబరులో, మెక్సికో బాక్సర్ హువాన్ మాన్యుయెల్ మార్కెజ్ చేతిలో పాకియావ్ స్పృహ తప్పి పడిపోయాడు. ఆలస్యానికి తప్పు ఎవరిదైనా, 2010లో ఆ పోటీ జరిగి మేవెదర్ ఓడి ఉన్నా నా దృష్టిలో అతని స్థానం ఇప్పటికంటే తగ్గేది కాదు.

థాయిలాండ్ బాక్సర్ ఒకరు 54-0 దాకా వెళ్ళారట, మరి ఆయన పేరు ఎవరూ చెప్పరేం?

వన్‌హెంగ్ మెనయోథిన్. మినిమమ్‌వెయిట్, అంటే 105 పౌండ్లు, సుమారు 47.6 కిలోల విభాగం. 2018లో మేవెదర్ అంకెను దాటాడు. 2020 నవంబరులో సొంత దేశస్థుడి చేతిలోనే పాయింట్ల మీద ఓడాడు. పోటీలు దాదాపు అన్నీ స్వదేశంలో, ఎక్కువ మంది బయట పేరు లేనివాళ్ళతో. అంకె ఒక్కటే కొలబద్ద అయితే అతను రాబిన్సన్ కంటే, అలీ కంటే పైన ఉండాలి. ఆ మాట అతని అభిమానులు కూడా అనరు.

లారీ హోమ్స్ 48-0 దగ్గర ఆగిపోయి ఉంటే?

సున్నా మీద చర్చ జరిగినప్పుడల్లా అతని పేరు కూడా వినబడేది. 1985 సెప్టెంబరు 21న, మార్సియానో చివరి పోటీ జరిగి సరిగ్గా ముప్పై ఏళ్ళు నిండిన రోజున, 49వ గెలుపు కోసం దిగి మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడాడు. అప్పటికి ఏడేళ్ళుగా హెవీవెయిట్ చాంపియన్, 20 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఆ ఒక్క సాయంత్రం ముందు రోజు, మరుసటి రోజు అతని ఎడమచేతి జాబ్‌లో (సూటి గుద్దులో) ఏ మార్పూ లేదు. లోకం చూపు మాత్రం మారిపోయింది.

అయితే నిజమైన సున్నా అని మీరు ఒప్పుకునేది ఎవరిది?

రికార్డో లోపెజ్‌ది. 1990లో టోక్యోకు వెళ్ళి జపాన్‌కు చెందిన ప్రపంచ చాంపియన్ హిదెయుకి ఒహాషిని అతని గడ్డ మీదే ఓడించి టైటిల్ తెచ్చుకున్నాడు. 1998 మార్చిలో నికరాగ్వాకు చెందిన రొసెందో అల్వారెజ్ అతన్ని పడగొట్టాడు. తలలు ఢీకొని గాయమవడంతో పోటీ మధ్యలో ఆగి టెక్నికల్ డ్రా అయింది. తప్పుకునే వీలున్నా అదే ఏడాది నవంబరులో మళ్ళీ తలపడి, ఒక జడ్జి ఎదురు తిరిగినా గెలిచాడు. చిన్న విభాగం కావడంతో అతనికి రావాల్సినంత పేరు రాలేదు, అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఉక్రెయిన్‌కు చెందిన అలెగ్జాండర్ ఉసిక్‌ను కూడా చెబుతాను. గ్వోవాట్స్కీతో పోలండ్‌లో, బ్రిడిస్‌తో రీగాలో, గాసియెవ్‌తో మాస్కోలో, బెల్యూతో మాంచెస్టర్‌లో, జాషువాతో లండన్‌లో, అన్నీ ఎదుటివాడి ఇంట్లోనే గెలిచాడు. వారిలో మొదటి ముగ్గురు అతనితో తలపడేనాటికి ఓటమి ఎరగరు. 2024 మేలో రియాద్‌లో టైసన్ ఫ్యూరీ సున్నాను కూడా చెరిపేశాడు. అది అతని 22వ ప్రొఫెషనల్ పోటీ.

## ఐదో మెట్టు: మన దగ్గర

నిఖత్ జరీన్ కూడా ఓడింది కదా, ఆమెను ఏ లెక్కన గొప్ప అంటారు?

అమెచ్యూర్ పోటీల్లో ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే జాబితా ఎవరి ముందు నిలబెడితే వారితో ఆడాలి, అదీ కొద్ది రోజుల్లో నాలుగైదు పోటీలు. అక్కడ సున్నా అన్న ఊసే ఉండదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీల ట్రయల్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది, ఫైనల్లో 5-0. 2023లో ఢిల్లీలో 50 కిలోలకు దిగి మళ్ళీ గెలిచింది. 2024 పారిస్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడింది, ఆ విభాగంలో స్వర్ణం వూ యూదే. ఈ వరస మొత్తం చదివితేనే నిఖత్ ఎవరో తెలుస్తుంది.

విజేందర్ సింగ్ 12-0 దాకా వెళ్ళి ఓడాడు. అంతకుముందువి ఉత్త గెలుపులేనా?

ఉత్తవి అనను, పరీక్ష తక్కువ అంటాను. 2008 బీజింగ్ కాంస్యం తరువాత 2015లో ప్రొఫెషనల్ అయ్యాడు. 2021 మార్చిలో గోవాలో రష్యాకు చెందిన అర్తిష్ లోప్సాన్ ఐదో రౌండులో అతన్ని ఆపాడు. 2022లో రాయ్‌పూర్‌లో మళ్ళీ గెలిచాడు. బీజింగ్ పతకం విలువ ఆ 12-0 కంటే ఎక్కువని నా నమ్మకం.

మా అబ్బాయి మొదటి పోటీలోనే ఓడిపోయాడు. బాక్సింగ్ మాన్పించాలా?

ఈ ప్రశ్న తల్లిదండ్రుల నుంచి ఏటా వస్తుంది. దెబ్బలు గట్టిగా తగిలి ఉంటే ముందు వైద్యుణ్ణి చూపించండి, కోచ్ ఏమన్నా సరే తలనొప్పి తగ్గేదాకా రింగు వద్దు. అది తప్ప మాన్పించడానికి నాకు కారణం కనబడదు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి ప్రొఫెషనల్ పోటీ ఓడాడు, 1938లో ఒకేసారి మూడు విభాగాల చాంపియన్‌గా ఉన్నాడు. బెర్నార్డ్ హాప్కిన్స్ 1988 అక్టోబరులో మొదటి పోటీ ఓడి ఏడాదికి పైగా రింగు ముఖం చూడలేదు. 1990 ఫిబ్రవరిలో తిరిగి వచ్చాడు. 2013లో 48 ఏళ్ళ వయసులో ప్రపంచ టైటిల్ గెలిచాడు. అబ్బాయిని అడగండి, మళ్ళీ ఎప్పుడు వెళ్తావని.